బావగారి రెండో ఖుంబూ యాత్ర

నేపాల్‌లోని ఖుంబూ ప్రాంతం గుండా ఎవరెస్టు శిఖరం కిందనున్న బేస్ క్యాంపుకు నడిచి వెళ్లాలనుకునేవారు సాధారణంగా ముందు బూట్ల గురించి, కోట్ల గురించి అడుగుతారు. మా బావగారు నన్ను ముందుగా అడిగింది సెలవు గురించి. "ఏమోయ్, మూడు వారాలకు పైగా సెలవు దొరికితేనే రా. లేకపోతే వచ్చే ఏడు చూసుకుందాం" అని ఫోనులోనే తేల్చి చెప్పారు.

ఆ పట్టుదలకు కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం ఆయన ఆఫీసు మిత్రులతో కలిసి ఇదే దారిన వెళ్లారు. బేస్ క్యాంపుకు దగ్గరలోని లోబుచేలో అర్ధరాత్రి కాలు నిలవక తూలిపోతుంటే ఇద్దరు మనుషులు రెక్కలు పట్టుకుని దిగువనున్న ఫెరిచేకు దించారు. అప్పుడు వాతావరణం బాగాలేక, నడక మొదలయ్యే లుక్లాకు వెళ్లే విమానం రెండు రోజులు ఆలస్యమైందట. తిరుగు టికెట్లు మార్చుకోవడానికి ఎవరూ ఒప్పుకోక, పోయిన ఆ రెండు రోజులను దారిలోని నామ్చేలోనూ దింగ్‌బోచేలోనూ ఆగవలసిన విశ్రాంతి దినాల్లోంచి కోసేశారు. గమ్యం మాత్రం తగ్గించుకోలేదు. దింగ్‌బోచేలో మొదలైన తలనొప్పిని బావగారు ఎవరికీ చెప్పకుండా మాత్ర వేసుకుని నడిచారు. అప్పట్లో ఆయన వారానికి మూడుసార్లు పది కిలోమీటర్లు పరుగెత్తే మనిషి, ఆ బృందంలో అందరికంటే గట్టివాడు. ఎత్తు జబ్బు, అంటే తొందరగా పైకెక్కితే ఆక్సిజన్ చాలక వచ్చే జబ్బు, మనిషి దారుఢ్యాన్ని చూసి దూరంగా ఉండదు. పైగా గట్టివాళ్లు తొందరగా ఎక్కగలరు కాబట్టి తొందరగా చిక్కుల్లో పడతారు కూడా.

సన్నాహం

బావగారిది తిరుపతి. ఆరు నెలల ముందునుంచే ఆయన వారానికి రెండుసార్లు వీపున ఏడు కిలోల సంచితో అలిపిరి మెట్లెక్కారు. 3,550 మెట్లను ఎంత సేపట్లో ఎక్కామన్నది ఆయన లెక్కలో లేదు. పక్కనున్న మనిషితో మాట్లాడుతూ ఎక్కగలుగుతున్నామా, మోకాళ్ల పర్వతం దగ్గర కూడా ఊపిరి అదుపులో ఉందా అన్నదే చూసుకున్నారు. దిగడానికి బస్సెక్కకుండా మెట్ల దారినే దిగేవారు, ఎందుకంటే హిమాలయాల్లో మోకాళ్లను అసలు బాధపెట్టేది దిగుడే. కొత్త బూట్లు ఆ మెట్ల మీదే అరిగి పాదానికి అలవాటుపడ్డాయి. వారాంతాల్లో హైదరాబాదు నుంచి నేనూ వెళ్లి కలిసేవాణ్ని.

అయితే మెట్లు కాళ్లకూ గుండెకూ బలాన్నిస్తాయి గాని ఎత్తును అలవాటు చేయవు. తిరుమల 1,000 మీటర్ల ఎత్తు కూడా ఉండదు. 1,700 మీటర్లు మించిన కొండ ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్కడా లేదు. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ కూడా భువనగిరి బండల మీద పాఠాలు మొదలుపెట్టినా, ఎత్తు కోసం డార్జిలింగుకూ లద్దాఖ్‌కూ వెళ్లవలసి వచ్చింది. మనబోటి వాళ్లకు ఆ అలవాటు దారిలోనే, నెమ్మదిగా నడవడం వల్లనే రావాలి.

దీనికి మూలం గాలిలో ఉంది. ఎంత ఎత్తుకు వెళ్లినా గాలిలో ఆక్సిజన్ పాలు దాదాపు 21 శాతమే, కాని గాలి ఒత్తిడి తగ్గిపోతుంది కాబట్టి ఒక్కో ఊపిరికీ లోపలికి వెళ్లే ఆక్సిజన్ తగ్గుతుంది. 5,500 మీటర్ల దగ్గర ఆ ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో సగం. శరీరం వెంటనే ఊపిరి వేగం పెంచుతుంది, దానివల్ల బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది, దాన్ని మూత్రపిండాలు సరిచేసుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే 3,000 మీటర్లు దాటాక రోజుకు 500 మీటర్లకు మించి పడక ఎత్తు, అంటే రాత్రి పడుకునే చోటు ఎత్తు, పెంచవద్దని, మూడు నాలుగు రోజులకొకసారి ఒకేచోట రెండు రాత్రులు ఉండమని పర్వత వైద్యులు చెబుతారు. పగలు ఎంత ఎత్తుకు ఎక్కి దిగామన్నదాని కంటే రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే ముఖ్యం.

బావగారికి ఒకసారి ఎత్తు జబ్బు వచ్చిందని తెలుసుకున్న తిరుపతి డాక్టరుగారు రక్తపోటు, ఇసిజి చూసి, సల్ఫా మందులు పడవా అని విచారించి, ఎసిటజోలమైడ్ 125 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, ఎక్కుడు మొదలయ్యే ముందు రోజు నుంచి వేసుకోమన్నారు. మూత్రపిండాలు చేసే ఆ పనినే ఈ మందు తొందరపరుస్తుంది. లక్షణాలను కప్పిపుచ్చే మందు కాదు కాబట్టి దీనిమీద ఆయనకు నమ్మకం కుదిరింది.

ఇవన్నీ అయ్యాక ఒక చిన్న నోటుపుస్తకంలో మా ఒప్పందం రాసుకున్నాం. ప్రతి సాయంత్రం తలనొప్పి, వికారం, నీరసం, తల తిరగడం అనే నాలుగింటికీ సున్నా నుంచి మూడు వరకు ఎవరి అంకె వారు చెప్పాలి, తలనొప్పి ఉండి మొత్తం మూడుకు చేరితే మరునాడు పైకి కదలకూడదు, తగ్గకపోతే దిగాలి, ఎక్కాలా దిగాలా అన్నదానిపై చివరి మాట గైడుది. లేక్ లూయీస్ పద్ధతి అని పర్వత వైద్యంలో వాడే లెక్క ఇదే. ఇంతేకాక, ఎక్కడా వాడని రోజులు నాలుగు చేతిలో ఉంచుకున్నాం.

కాఠ్మండు

నవంబరు మొదటి వారంలో కాఠ్మండు చేరాం. మైనస్ ఇరవై డిగ్రీలకు పనికొచ్చే పడక సంచులు, పక్షి ఈకలు కూరిన మందపాటి డౌన్ కోట్లు థమేల్ వీధుల్లో అద్దెకు దొరుకుతాయి; ఒక్కసారి వాడే వస్తువుకు హైదరాబాదులో వేలు పోయడం దండగ. ఇన్సూరెన్సు పత్రంలో 6,000 మీటర్ల ఎత్తు వరకు హెలికాప్టరు రక్షణ వర్తిస్తుందన్న వాక్యం ఉందో లేదో చూసుకుని, దాని నకలు గైడుకు ఇచ్చాం. అవసరం లేకపోయినా హెలికాప్టర్లు పిలిపించి బీమా సొమ్ము కాజేస్తున్నారన్న ఆరోపణల మీద 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపించింది కాబట్టి, ఎప్పుడు పిలవాలి, ఎవరు పిలవాలి అన్నది కూడా ముందే మాట్లాడుకున్నాం.

మా మూటలు మోసే కుర్రవాడికి బీమా ఉందా, మంచి బూట్లు ఉన్నాయా అని బావగారు పట్టుబట్టి చూశారు. మోతగాళ్లంతా ఎత్తయిన ఊళ్లలో పుట్టిపెరిగే షెర్పా జాతివాళ్లేనని, వాళ్లకు ఎత్తు ఏమీ చేయదని మనవాళ్లలో చాలామందికి ఒక అపోహ. దిగువ కొండల గ్రామాల నుంచి వచ్చే ఈ కుర్రవాళ్లకు ఎత్తు జబ్బు మనకు వచ్చినట్టే వస్తుంది. అందుకే సాయంత్రపు లెక్కలో అతని అంకెలూ రాయాలని నిర్ణయించాం.

మొదటి రోజు: మంథలి, లుక్లా, ఫాక్‌డింగ్

రద్దీ కాలంలో లుక్లా విమానాలు ఎక్కువగా కాఠ్మండు నుంచి కాక రామెఛాప్ జిల్లాలోని మంథలి నుంచి ఎగురుతాయి. అక్కడికి రోడ్డు మీద నాలుగైదు గంటల ప్రయాణం కావడంతో అర్ధరాత్రి దాటాక జీపెక్కవలసి వచ్చింది. లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లు మాత్రమే, అదీ కొండవైపుకు ఎగువాలుగా ఉంటుంది. 2008లో దానికి, ఎవరెస్టును మొదట ఎక్కిన తెన్‌జింగ్, హిల్లరీల పేరు పెట్టారు. దిగిన చోటు 2,800 మీటర్ల పైన ఉన్నా ఆ రోజు నడక దూద్‌కోసి నది వెంబడి కిందికే. ఫాక్‌డింగ్ 2,610 మీటర్లు. సాయంత్రం అందరివీ సున్నాలే.

రెండో రోజు: నామ్చే

మోంజో దాటగానే సాగరమాత జాతీయ ఉద్యానవనం మొదలవుతుంది. 1976లో ఏర్పడిన ఈ వనాన్ని 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. కంచరగాడిదలూ పశువులూ మూటలతో ఎదురైనప్పుడు లోయవైపు కాక కొండవైపు నిలబడాలని గైడు మొదటి వంతెన దగ్గరే నేర్పాడు; జడలబర్రె సంకరజాతి పశువు ఒక్కటి భుజంతో నెట్టినా కిందపడేది నదిలోకే. హిల్లరీ పేరుతో పిలిచే ఎత్తయిన వేలాడే వంతెన దాటాక నామ్చే వరకు విరామం లేని ఎక్కుడు. ఫాక్‌డింగ్ నుంచి 3,440 మీటర్ల నామ్చేకు ఒక్కరోజులో 800 మీటర్ల పైన ఎక్కాలి, ఈ దారి మొత్తంలో ఇదే పెద్ద దూకుడు. బావగారు గైడును కూడా దాటనివ్వకుండా ముందు నడిచారు, అదీ నెమ్మదిగా నడవడం కోసం. మా వెనక చేరిన యువకుల గుంపు రెండుసార్లు పక్కకు తప్పుకుని మమ్మల్ని దాటిపోయింది.

మూడో రోజు: నామ్చేలోనే

విశ్రాంతి దినమంటే పడుకునే రోజని అనుకుంటారు. ఖుంజుంగ్ గ్రామం దాకా, అంటే దాదాపు 3,800 మీటర్ల దాకా, ఎక్కి మధ్యాహ్నానికి తిరిగి దిగాం. 1961లో హిల్లరీ కట్టించిన బడి అక్కడే ఉంది. తెంగ్‌బోచే గుట్ట, దాని పైన అమాదబ్లమ్ శిఖరం, అన్నిటికీ వెనక నూప్త్సే శిఖరపు గోడ మీదుగా ఎవరెస్టు కొన కొంచెం కనిపించాయి. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన కొలత ప్రకారం అది 8,848.86 మీటర్లు. నాకా కొన కంటే, పదిహేను కిలోల బియ్యం మూట మీద మరో నూనె డబ్బా కట్టుకుని, చేతి కర్రను వీపు కింద పెట్టి మూటను దానిమీద ఆనించి ఊపిరి తీసుకుంటున్న ఒక ముసలాయనే ఎక్కువ గుర్తున్నాడు. అతను ఇరవై అడుగులకొకసారి ఆగుతున్నాడు, అయినా మాకన్నా ముందే ఊరు చేరాడు.

ఆ రాత్రి నుంచి నా వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టు మొదలైంది, కోలా తాగితే గ్యాసు లేని చప్పటి నీళ్లలా అనిపించింది. రెండూ ఆ మాత్ర వల్లే. బావగారికి ఇచ్చిన మందునే డాక్టరుగారు నాకూ రాసిచ్చారు.

నాలుగు, ఐదు రోజులు: దెబోచే, పాంగ్‌బోచే

నామ్చే నుంచి నదిదాకా దిగి, మళ్లీ 600 మీటర్లు ఎక్కితే తెంగ్‌బోచే మఠం. 1989లో కాలిపోయాక మళ్లీ కట్టారు. మేము గుట్ట దిగి చెట్ల మధ్యనున్న దెబోచేలో పడుకున్నాం. మరునాడు చాలామంది నేరుగా దింగ్‌బోచే వెళ్లిపోతారు, మేము మాత్రం రెండు గంటలు నడిచి పాంగ్‌బోచేలో ఆగిపోయాం. ఉదయం పది గంటలకే బూట్లు విప్పి ఎండలో కూర్చోవడం నాకు తోచని పనిగానే అనిపించింది, కాని దీనివల్ల పడక ఎత్తు ఒక్కసారిగా పెరగకుండా రెండు ముక్కలైంది.

ఇక్కడి నుంచి ఆకలి మందగించింది. ఖుంబూలో మతాచారం వల్ల జంతువులను చంపరు. మాంసం దిగువ నుంచి రోజుల తరబడి మూటల్లో రావాలి కాబట్టి దాన్ని ముట్టుకోవద్దని గైడు మొదటే చెప్పాడు. పప్పు, అన్నం, కూర అడిగినంత వడ్డిస్తారు. అక్కయ్య కట్టిచ్చిన ఆవకాయ, కందిపొడి లేకపోతే ఆ అన్నం కూడా దిగేది కాదు. వెల్లుల్లి సూపు తాగితే ఎత్తు జబ్బు రాదని ప్రతి లాడ్జిలోనూ చెబుతారు. దానికి ఆధారమేమీ లేదు గాని, వేడిగా రెండు గ్లాసుల నీళ్లు ఒంట్లోకి వెళతాయి కాబట్టి మేమూ తాగాం.

ఆరు, ఏడు రోజులు: దింగ్‌బోచే

4,410 మీటర్లు. చెట్లు అయిపోయాయి, రాళ్లు పేర్చిన గోడల మధ్య బంగాళదుంప మడులు, దుమ్ము, గాలి. పొయ్యిలో ఎండిన జడలబర్రె పేడ పిడకలు మండుతుంటే అందరూ దాని చుట్టూ చేరారు. పోయినసారి తలనొప్పి మొదలైన ఊరు ఇది. భోజనమయ్యాక బావగారు లేచి, నేల మీది చెక్క పలక ఒకదాన్ని ఎంచుకుని, మడమ ముందు మరో పాదం వేళ్లు ఆనేలా అడుగులు వేస్తూ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచి వచ్చారు. మెదడులో నీరు చేరడం మొదలైతే ముందుగా చెడేది ఈ నడకే. తరువాత నేను, ఆ తరువాత మోతకుర్రవాడు నడిచాం. పొయ్యి దగ్గర కూర్చున్న ఒక జర్మన్ దంపతులు మొదట నవ్వి, సంగతి తెలిశాక వాళ్లూ లేచి నడిచారు.

రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్క మంచం మీద బావగారి ఊపిరి వింటూ పడుకున్నాను. నాలుగైదు ఊపిరులు క్రమంగా పెద్దవై, మళ్లీ చిన్నవై, పూర్తిగా ఆగిపోయేవి. పది సెకన్లు ఏ చప్పుడూ ఉండేది కాదు. ఆ తరువాత గట్టిగా ఒక్కసారి పీల్చి మళ్లీ మొదలుపెట్టేవారు. ఎత్తులో నిద్రపోయేవారికి ఇది మామూలేనని ముందే చదివి ఉన్నా, రెండుసార్లు టార్చి వేసి చూశాను. పొద్దున చెబితే "నీదీ అంతే, నేనూ విన్నాను" అన్నారు.

రెండో రోజు ఉదయం నాంకర్‌త్షాంగ్ గుట్ట సగం ఎక్కి దిగాం. మధ్యాహ్నం గట్టు దాటి ఫెరిచే వెళ్లాం. హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ 1973లో అక్కడ మొదలుపెట్టిన చికిత్సా కేంద్రంలో యాత్రాకాలంలో మూడు గంటలకు ఎత్తు జబ్బు గురించి ఉపన్యాసం ఉంటుంది. స్వచ్ఛందంగా పనిచేయడానికి వచ్చిన డాక్టరమ్మ, మనిషిని లోపల పడుకోబెట్టి గాలి కొట్టి ఒత్తిడి పెంచే పొడవాటి సంచిని చూపించింది. అందులో పడుకుంటే వెయ్యి మీటర్లకు పైగా కిందికి దిగినంత ఫలితం ఉంటుంది గాని, అది దిగేలోపు ఊరట మాత్రమేనని, అసలు మందు దిగడమేనని చెప్పింది. పోయినసారి తాను ఆ సంచిలోనే రెండు గంటలు ఉన్నానని బావగారు అప్పటిదాకా నాకు కూడా చెప్పలేదు. అక్కయ్యకు ఇప్పటికీ తెలియదట. ఆమెకు ముందే తెలిసి ఉంటే మేమిద్దరం ఈ దారిన వచ్చి ఉండేవాళ్లం కాదు.

ఎనిమిదో రోజు: థుక్లా

మూడు గంటల నడక. 4,620 మీటర్ల దగ్గర రెండు మూడు లాడ్జిలు. అందరూ టీ తాగి వెళ్లిపోయే చోటు అది. మేమొక్కరమే రాత్రికి మిగిలాం.

తొమ్మిది, పది రోజులు: లోబుచే

థుక్లా పైన గట్టు ఎక్కగానే ఎవరెస్టు మీద ప్రాణాలు పోగొట్టుకున్నవారి స్మారకాలు, రాళ్ల గుట్టలు, వాటిమీద ప్రార్థన జెండాలు. అక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడరు. లోబుచే 4,940 మీటర్లు. సాయంత్రం నోటుపుస్తకం తెరిచినప్పుడు బావగారివి అన్నీ సున్నాలు, మోతకుర్రవాడివీ సున్నాలే; నాకు తలనొప్పి రెండు, వికారం ఒకటి. మొత్తం మూడు. తలనొప్పి ఒకటిన్నర అని చెబుదామనిపించింది. పుస్తకంలో అర మార్కుల్లేవు.

"అయితే రేపు ఇక్కడే" అన్నారు బావగారు, తన మంచం కిటికీ పక్కకు జరుపుకుంటూ. గైడు కూడా అదే మాట అన్నాడు. చేతిలో ఉన్న రోజుల్లో ఒకటి అలా ఖర్చయింది. నీళ్లు తాగుతూ, ఎండలో కూర్చుంటూ, హిమనదం గట్టు దాకా వెళ్లి వస్తూ గడిపాను. సాయంత్రానికి తలనొప్పి దిగిపోయి, ఆవకాయ అన్నం రెండుసార్లు అడిగి తిన్నాను. తగ్గకపోయి ఉంటే మరునాడు ఉదయమే ఫెరిచే దిగేవాళ్లం. ఆ మాట ముందే రాసి ఉంది కాబట్టి, దానిమీద వాదన పెట్టుకునే అవసరం రాలేదు.

పదకొండో రోజు: గోరక్‌షెప్, బేస్ క్యాంపు

5,164 మీటర్ల గోరక్‌షెప్‌లో నీళ్లు 83 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. వంటగదిలో ప్రెషర్ కుక్కర్లు ఆగకుండా కూత పెడుతుంటాయి. అవి లేకపోతే పప్పు ఉడకదు. మూటలు అక్కడ పడేసి బేస్ క్యాంపుకు నడిచాం. నవంబరులో అక్కడ ఆరోహకుల గుడారాలుండవు, శిఖరం కూడా కనిపించదు. ఖుంబూ మంచుపాతం, అంటే వాలున కిందికి జారే హిమనదం, కింది నుంచి నీలంగా, ఎక్కడికక్కడ పగిలి కనిపిస్తుంది, మధ్యమధ్య లోపలెక్కడో మంచు విరిగిన చప్పుడు వినిపిస్తుంది. 5,364 అని రాసిన రాతి దగ్గర ఫోటో కోసం వరసలో అరగంట నిలబడాలి. బావగారు నిలబడ్డారు. అంత చలిలో ఆయన చేతితొడుగులు విప్పి, మనవరాలు రంగు పెన్సిళ్లతో గీసిచ్చిన కొండ బొమ్మను పట్టుకుని ఫోటో దిగడం నేను ఊహించనిది.

పన్నెండో రోజు, ఆ తరువాత

తెల్లవారుజామున నాలుగింటికి పక్కనున్న కాలాపత్థర్ గుట్ట ఎక్కాలి. లేచి కూర్చోగానే బావగారు "తలనొప్పి ఒకటి, నీరసం ఒకటి. నేను రావడం లేదు" అన్నారు. మొత్తం రెండే, నిబంధన ప్రకారం వెళ్లవచ్చు. కాని ఆ రోజే చాలా దూరం దిగవలసి ఉందని, బలం దానికి దాచుకుంటానని చెప్పి మళ్లీ పడక సంచిలో దూరారు. నేను గైడుతో వెళ్లాను. ఫోను బ్యాటరీని ఒంటికి ఆనించి పెట్టుకోకపోతే ఆ చలికి చచ్చిపోయేది. 5,500 మీటర్ల పైనున్న ఆ నల్లరాళ్ల మీద నుంచి ఎవరెస్టు స్పష్టంగా కనిపించింది, ఎండ దాని వెనక నుంచి వచ్చింది. గాలి తట్టుకోలేక పదిహేను నిమిషాల్లో దిగిపోయాం.

ఆ సాయంత్రానికి ఫెరిచే, మరునాడు నామ్చే, ఆ మరునాడు లుక్లా. దిగుతుంటే ప్రతి గంటకూ ఊపిరి తేలికైంది, మోకాళ్లు మాత్రం బరువెక్కాయి. కాలిగోళ్లు పొట్టిగా కత్తిరించుకోమని బావగారు ఎందుకు పోరారో నామ్చే దిగుడులో తెలిసింది. లుక్లాలో రెండు రోజులు లోయంతా మబ్బు కమ్మి ఒక్క విమానమూ దిగలేదు. పక్క గదిలోని బెంగళూరు కుర్రవాళ్లు మరునాటి ఢిల్లీ టికెట్లు పోతాయని హెలికాప్టరు బేరాలాడుతూ వరండాలో తిరిగారు, మబ్బుకు అదీ ఎగరలేదు. లుక్లా చేరేసరికి మా చేతిలో ఇంకా మూడు రోజులున్నాయి. బావగారు వంటింట్లోకి వెళ్లి లాడ్జి ఆవిడకు పులిహోర కలపడం నేర్పుతూ కూర్చున్నారు. చింతపండు లేకపోవడంతో నిమ్మకాయతో సరిపెట్టారు.